బంతిలో వలపక్షం: కలిసి తినడం వెనుక ఉన్న లెక్కలు

పాలకడలి చిలికాక జరిగిన అమృతం పంపకం మన పురాణాల్లోకెల్లా పెద్ద బంతి. భాగవతం ప్రకారం మోహిని దేవతలను ఒక వరుసలో, అసురులను ఇంకో వరుసలో కూర్చోబెడుతుంది. కలశం ఒకటే, వడ్డించే చెయ్యి ఒకటే, అందరూ ఒక్కచోటే ఉన్నారు. అయినా అమృతం ఒక వరుసకే అందింది. రాహువు వేషం మార్చి దేవతల వరుసలో దూరితే సూర్యచంద్రులు పసిగట్టి చెప్పేశారు, గుక్క గొంతు దిగకముందే తల తెగింది. వాసుకి తల వైపు నిలబడి విషపు సెగలు భరించింది అసురులే. పనిలో రెండు పక్షాలూ కలిసే ఉన్నాయి, వడ్డన దగ్గరే విడిపోయాయి.

కలిసి కూర్చుని తింటే అందరూ ఒకటైపోతారని తేలిగ్గా అనేస్తుంటాం. సహపంక్తి భోజనం ఫొటో ఒకటి పత్రికలో పడితే ఊరు మారిపోయిందని రాసేస్తాం. పురాణాలనూ చరిత్రనూ కాస్త దగ్గరగా చూస్తే అక్కడ నాలుగు ప్రశ్నలు తగులుతాయి: ఎవరు వండారు, ఎవరు వడ్డించారు, ఎవరు ముందు తిన్నారు, ఎంగిలాకులు ఎవరెత్తారు? ఈ నాలుగింటికీ జవాబు తెలిశాక మాత్రమే ఆ బంతికి అర్థం తెలుస్తుంది. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే’ అన్న సామెత పుట్టించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

ముందు బంతి అంటే ఏమిటో చూడాలి. ధర్మశాస్త్రాల దృష్టిలో బంతిలో కూర్చున్నవాళ్లు విడివిడి మనుషులు కారు, ఒక కొసన అంటింది రెండో కొస దాకా పాకుతుంది. మనుస్మృతి మూడో అధ్యాయం శ్రాద్ధ భోజనం గురించి చెబుతూ దీనికి అంకెలే వేసింది. గుడ్డివాడు బంతిలో ఉంటే 90 మందికి పెట్టిన ఫలం పోతుంది, ఒంటికన్నువాడైతే 60, బొల్లి ఉన్నవాడైతే 100, పాపరోగి అయితే 1000. ఎదురుగా ‘పంక్తిపావనులు’ అని ఇంకో జాబితా ఉంది, వాళ్లు కూర్చుంటే వరుస మొత్తం శుద్ధి అవుతుందట. చదవడానికే బాధ కలిగించే లెక్క ఇది. కానీ కలిసి తినడం అంటే ఆ సమాజానికి ఎందుకంత భయమో ఈ అంకెలు చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు. పక్కవాడి స్థితి నాకు అంటుతుందనే నమ్మకం ఉన్నచోట, పక్కన ఎవరిని కూర్చోబెట్టుకున్నామన్నదే సమాజపు పటం.

ఆ అంటును ఆపే ఉపాయాలు కూడా వాళ్లే రాసిపెట్టుకున్నారు. నిప్పు, బూడిద, స్తంభం, నీళ్లు, ద్వారం, దారి, ఈ ఆరింటిలో ఏదో ఒకటి మధ్యలో ఉంటే రెండు వైపులా రెండు వేరు పంక్తులుగా లెక్క. అంటే ఒకే గదిలో, ఒకే నేల మీద, ఇద్దరి మధ్య వేలెడు వెడల్పున విభూతి గీత గీసినా, నీళ్లు చిలకరించినా సరిపోతుంది, వాళ్లు కలిసి తిననట్టే. సహపంక్తి జరిగిందని చెప్పే ఏ కథనంలోనైనా ముందు వెతకవలసింది ఈ గీతనే. ఈ కాలంలో అది బూడిదతో ఉండదు. ఒక స్తంభం అవతల వేసిన బల్లగానో, ‘పెద్దలకు లోపల ఏర్పాటు చేశాం’ అన్న మాటగానో, విడిగా పెట్టిన గ్లాసుగానో ఉంటుంది.

సంప్రదాయ బంతికి కాలం లెక్క కూడా ఉంది. విస్తరి కొస తినేవాడి ఎడమ చేతి వైపు ఉండాలి. వడ్డన పూర్తయి, నెయ్యి పడి, పెద్దలు ఔపోసన పట్టాకే చేతులు విస్తట్లోకి వెళ్లాలి. అందరూ తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు, మధ్యలో ఒకరు లేస్తే మిగతావాళ్ల భోజనం చెడినట్టే. ఈ నియమాల్లో ఒక న్యాయం ఉంది: నెమ్మదిగా తినేవాడి కోసం వరుసంతా ఆగుతుంది. కానీ ఇదంతా ఒక బంతి లోపలి సంగతి. మొదటి బంతికీ కడబంతికీ మధ్య ఈ న్యాయం పనిచెయ్యదు. ముక్కలన్నీ మొదటి బంతి కూరలో వెళ్లిపోతాయి, నాలుగో బంతికి పప్పులో నీళ్లు పడతాయి, మారు వడ్డనకు బూరెలు రావు. వంటవాళ్లను తప్పుపట్టి లాభం లేదు, గుండిగలో అడుగుకు వచ్చేసరికి జరిగేదే అది. అందుకే బంతులు వచ్చిన వరస ప్రకారం నడుస్తున్నాయా, హోదా ప్రకారం నడుస్తున్నాయా అన్నది చిన్న విషయం కాదు.

భారతంలో వ్యాసుడు ఈ వరసను ఒక పాత్రలోనే పెట్టాడు. అరణ్యపర్వంలో సూర్యుడు ధర్మరాజుకిచ్చిన అక్షయపాత్రకు ఒక షరతు ఉంది. ద్రౌపది తినేంతవరకే అది నిండుతూ ఉంటుంది, ఆమె తిన్నాక ఆ పూటకు ఖాళీ. అందువల్ల ఆమె అందరికంటే చివర తినాలి. దీన్ని ఇల్లాలి త్యాగంగా పొగడడం మామూలే. అయితే వడ్డించే చెయ్యి ముందు తింటే పాత్ర ఖాళీ అయిపోతుందని, పెత్తనం ఉన్నవాళ్లందరికీ వర్తించే నియమంగా కూడా దీన్ని చదవొచ్చు. దురదృష్టం ఏమిటంటే మన ఇళ్లలో అది ఆడవాళ్లకు మాత్రమే నియమంగా మిగిలింది.

ఉద్యోగపర్వంలో రాయబారానికి వచ్చిన కృష్ణుణ్ణి దుర్యోధనుడు భోజనానికి పిలుస్తాడు. కృష్ణుడు తినడు. ఎందుకని అడిగితే, దూతలు వచ్చిన పని అయ్యాకే విందు స్వీకరిస్తారని మొదట అంటాడు. ఇంకా రెట్టిస్తే అసలు మాట చెబుతాడు: ఒకరి అన్నం ప్రీతి ఉంటే తినాలి, లేదా ఆపదలో ఉంటే తినాలి, నీకు మా మీద ప్రీతి లేదు, మేము ఆపదలోనూ లేము. అని విదురుడి ఇంటికి వెళ్లిపోతాడు. విందుకు పిలవడం ఎంత రాజకీయమో, విందు కాదనడం అంతకంటే పెద్ద రాజకీయం. తింటే ఒక బాధ్యత నెత్తిన పడుతుంది. ఉప్పు తిన్న విశ్వాసం అన్న మాట ఉత్తపుణ్యానికి పుట్టలేదు.

ఆ విశ్వాసం తప్పితే ఎంత ఘోరంగా లెక్కవేస్తారో చూడాలంటే స్కాట్లండ్‌లోని గ్లెన్‌కో లోయకు వెళ్లాలి. 1692 ఫిబ్రవరిలో రాజు సైనికులు సుమారు 120 మంది అక్కడి మెక్‌డోనల్డ్ కుటుంబాల ఇళ్లలో దాదాపు రెండు వారాలు బస చేశారు, వాళ్ల పొయ్యి దగ్గరే కూర్చుని వాళ్లు పెట్టిందే తిన్నారు. 13వ తేదీ తెల్లవారుజామున లేచి అన్నం పెట్టినవాళ్లనే చంపారు. చనిపోయినవాళ్లు 38 మంది దాకా ఉంటారని చెబుతారు. ఆ కాలపు కొండసీమ కొట్లాటల్లో అంతకంటే ఎక్కువమంది పోయిన సందర్భాలు ఉన్నాయి. మూడు శతాబ్దాలు దాటినా గ్లెన్‌కో మరుపున పడకపోవడానికి కారణం సంఖ్య కాదు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. నమ్మించి చంపడాన్ని స్కాట్లండ్ చట్టం మామూలు హత్యకంటే పెద్ద నేరంగా, రాజద్రోహంతో సమానంగా చూసేది.

ఉమ్మడి భోజనం మీద ఒక రాజ్యాన్నే నిలబెట్టాలని చూసినవాళ్లు ప్రాచీన గ్రీసులోని స్పార్టా వాళ్లు. పౌరుడైన ప్రతి మగవాడూ రాత్రి భోజనం ఇంట్లో కాక తన జట్టుతో చెయ్యాలి. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన ప్రకారం ఒక్కో జట్టులో 15 మంది దాకా ఉంటారు. నెలకు ఒక్కొక్కరూ తేవలసిన వాటా కూడా ఆయన రాశాడు: ఒక మెదిమ్నోస్ బార్లీ పిండి, 8 ఖోయెస్ ద్రాక్షసారా, 5 మినాల జున్ను, రెండున్నర మినాల అత్తిపండ్లు, కూర ఖర్చుకు కొద్దిగా డబ్బు. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే పిండి 50 లీటర్లు దాటుతుంది, సారా 25 లీటర్ల పైన, జున్ను రెండు కిలోలకు కాస్త ఎక్కువ. ఒక మనిషి తినే తిండికంటే ఇది చాలా ఎక్కువ.

జట్టులో కొత్తవాణ్ణి చేర్చుకునే పద్ధతి విన్నవాళ్లు మరిచిపోలేరు. సేవకుడు నెత్తిన గిన్నె పెట్టుకుని సభ్యుల మధ్య తిరుగుతాడు. ఒక్కొక్కరూ ఒక రొట్టె ముద్ద అందులో వేస్తారు. ఒప్పుకుంటే ముద్దను అలాగే వేస్తారు, వద్దనుకుంటే వేళ్లతో గట్టిగా నొక్కి చదును చేసి వేస్తారు. నొక్కిన ముద్ద ఒక్కటి కనిపించినా వాడికి చోటు లేదు. ఓటు కూడా రొట్టెతోనే. పక్కన కూర్చుని తినేవాడే రేపు యుద్ధంలో పక్కన డాలు పట్టేవాడు కాబట్టి, ఒక్కరికి మనసొప్పకపోయినా చేర్చుకోరు.

పైకి చూస్తే ఇంతకంటే సమానమైన బంతి లేదనిపిస్తుంది. రాజులు సైతం ఉమ్మడి భోజనానికే రావాలి. కానీ లోపం వాటాలోనే ఉందని అరిస్టాటిల్ పట్టుకున్నాడు. వాటా అందరికీ ఒకటే, భూమి అందరికీ ఒకటి కాదు. పొలం చిన్నదైనవాడు నెలనెలా ఆ పిండి తేలేకపోయాడు. తేలేనివాడికి జట్టులో చోటు పోయింది, జట్టు పోతే పౌరసత్వమే పోయింది. ఇదే భోజనాన్ని క్రీట్‌లో ప్రజల ఉమ్మడి ఆదాయంతో నడిపారని, అది మెరుగైన పద్ధతని ఆయన పోల్చి చూపించాడు. క్రీ.పూ. 480 నాటికి స్పార్టాలో 8000 మంది పౌరులున్నారని హెరొడోటస్ రాశాడు. తర్వాతి శతాబ్దంలో అరిస్టాటిల్ నాటికి ఆ సంఖ్య వెయ్యి కూడా లేదు. యుద్ధాలు, భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడటం కూడా కారణాలే. కానీ పేదవాణ్ణి లెక్కలోంచి తీసేసింది మాత్రం భోజనపు బల్లే. ఇంకో సంగతి, ఆ బార్లీ పండించిన హెలాట్లకు, అంటే పొలాల్లో వెట్టి చేసే బానిస రైతులకు, ఆ బల్ల దగ్గర ఎన్నడూ చోటు లేదు.

రోమ్‌లో తేడా వాటాలో కాక వడ్డనలో కనిపిస్తుంది. అక్కడి భోజనశాలలో మూడు పాన్పులు, ఒక్కోదాని మీద ముగ్గురు, మొత్తం తొమ్మిది మంది. ఎవరు ఏ పాన్పు మీద ఒరగాలో హోదానుబట్టి ముందే తేలిపోయి ఉంటుంది. చిన్న ప్లినీ ఒక ఉత్తరంలో తాను చూసిన విందు గురించి రాశాడు. ద్రాక్షసారా మూడు రకాల కూజాల్లో వచ్చిందట: ఒకటి ఇంటి యజమానికీ ప్లినీకీ, రెండోది తక్కువ స్థాయి మిత్రులకు, మూడోది బానిసత్వం నుంచి విడుదలైనవాళ్లకు. మీ ఇంట్లో ఏం చేస్తారని పక్కన ఉన్నాయన అడిగితే, అందరికీ ఒకటే పోస్తాను అన్నాడు ప్లినీ. చాలా ఖర్చవుతుంది కదా అంటే, కాదు, వాళ్లు నా సారా తాగరు, నేనే వాళ్లది తాగుతాను అన్నాడు. సమానం చేసేటప్పుడు పైవాడు ఎంత కిందికి దిగాడన్నదే ఖర్చు లెక్క తేలుస్తుందని ఆయన సరిగ్గా గ్రహించాడు.

కోరింథులో తొలి క్రైస్తవుల ప్రభు భోజనానికి పట్టిన జబ్బూ ఇలాంటిదే. క్రీ.శ. 54 ప్రాంతంలో పౌలు వాళ్లకు రాసిన మొదటి లేఖ 11వ అధ్యాయంలో, ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తులో ఉన్నాడని మందలిస్తాడు. ఉన్నవాళ్లు తెచ్చుకున్నది ముందే తినేస్తున్నారు, లేనివాళ్లకు ఏమీ మిగలడం లేదు. ఆయన చెప్పిన మందు చాలా మామూలుది: ఒకరి కోసం ఒకరు ఆగండి. రొట్టె విరవడం గురించి తర్వాత ఎన్నో సిద్ధాంతాలు వచ్చాయి. వాటి మూలంలో ఉన్నది మాత్రం వరసకు సంబంధించిన తగువే.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నకు పల్నాడు పేరు శాశ్వతంగా ముడిపడింది. 12వ శతాబ్దపు మాచర్లలో మంత్రి బ్రహ్మనాయుడు చెన్నకేశవుడి భక్తుడు. అన్ని కులాలవాళ్లనూ ఒక్కచోట కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడని, మాల కన్నమదాసును కొడుకుగా చూసుకుని సేనాపతిని చేశాడని వీరగాథ చెబుతుంది. మనకున్న ప్రధాన ఆధారాలు ఆ తర్వాత సుమారు 250 ఏళ్లకు శ్రీనాథుడి పేరిట వచ్చిన ద్విపద, వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతూ వచ్చిన కథ. కాబట్టి ఏ పూట ఎవరు ఎక్కడ కూర్చున్నారో చరిత్రగా తేల్చలేం. కానీ ఆ కథ ఎంచుకున్న వస్తువును గమనించాలి. విస్తరి వేస్తే ఎవరి విస్తరి వాళ్లది, దానికో అంచు ఉంటుంది. కంచమైతే కంచు కంచమా మట్టి మూకుడా అన్న తేడా వస్తుంది. చాప పరిచి అన్నం కుప్ప పోస్తే అంచులేవీ మిగలవు, పక్కవాడి చెయ్యి తగిలిన కూడే నా నోట్లోకి వస్తుంది. మనువు బంతిలో ఏ అంటుకు భయపడ్డాడో, చాపకూడు సరిగ్గా ఆ అంటునే కోరి తెచ్చుకుంది.

దీన్ని ఉత్త ఉదారతగా చూడటం సరిపోదు. నలగామరాజు పక్షంతో, నాయకురాలు నాగమ్మతో పోరు ముంచుకొస్తున్నప్పుడు బ్రహ్మనాయుడికి అన్ని కులాల నుంచీ కత్తి పట్టేవాళ్లు కావాలి. కలిసి తినని సైన్యానికి పక్కవాడి ప్రాణం మీద పట్టింపు ఉండదని స్పార్టావాళ్లకు తెలిసినట్టే ఆయనకూ తెలుసు. అవసరం ఉంది కదా అని ఆ పని విలువ తగ్గదు. అదే అవసరం ఉన్న మిగతా సామంతులు ఆ పని చెయ్యలేదు. ఇప్పటికీ కారంపూడిలో కార్తీక అమావాస్యతో మొదలయ్యే అయిదు రోజుల వీరుల ఉత్సవాల్లో, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు వరసలో, చాపకూడునూ తలుచుకుంటారు. ఏడాదికోసారి కలిసి తినడం ఎంత అవసరమో, మిగతా రోజుల్లో కంచం పొత్తు ఎక్కడిదాకా వచ్చింది, మంచం పొత్తు ఎక్కడ ఆగింది అని అడగడమూ అంతే అవసరం.

దేవుడి పేరిట జరిగే భోజనాల్లో పూరీనీ అమృత్‌సర్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తే వంటిల్లు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పూరీలో జగన్నాథుడికీ, ఆ తర్వాత విమలాదేవికీ నివేదించిన అన్నం మహాప్రసాదం అవుతుంది. ఆనందబజారులో దాన్ని ఎవరి పక్కన ఎవరైనా కూర్చుని, ఒకరి చేతి నుంచి ఒకరు తీసుకుని తినవచ్చు, ఎంగిలి దోషం లేదు. తినే దగ్గర అడ్డు తొలగింది. వండే దగ్గర తొలగలేదు. గుడి వంటశాల హక్కు వంశపారంపర్యంగా సువార్లు అనే వంటవాళ్లదే. అన్నానికి దేవుడి స్పర్శ తగిలాక కులం పోయింది గానీ, ఆ స్పర్శ దాకా దాన్ని చేర్చే చేతులకు కులం అలాగే ఉంది.

సిక్కుల గురుద్వారాల్లో అందరికీ పెట్టే ఉమ్మడి భోజనం, లంగరు, ఈ ముడిని వంటింట్లోనే విప్పింది. గురు నానక్ మొదలుపెట్టిన పద్ధతికి గురు అంగద్ భార్య మాతా ఖీవీ వంటశాల బాధ్యత చూసి రూపం ఇచ్చింది. గోయింద్వాల్‌లో గురు అమర్‌దాస్ ముందు బంతి, తర్వాతే దర్శనం అన్న నియమం పెట్టాడు, అక్బరు కూడా బంతిలో కూర్చున్నాకే గురువును చూశాడని సిక్కు సంప్రదాయం చెబుతుంది. అమృత్‌సర్ స్వర్ణదేవాలయంలో మామూలు రోజుల్లో 50 వేల మంది దాకా, పండగలకు లక్ష మంది దాకా తింటారు. నేల మీద పొడవాటి పట్టీలు పరుస్తారు, కుర్చీలు ఉండవు. పప్పు, రొట్టె, కూర, పాయసం అందరికీ ఒకటే. మాంసం పెట్టకపోవడం వల్ల ఏ మతంవాడికీ అభ్యంతరం రాదు. రొట్టెను రెండు అరచేతులూ చాచి అందుకోవాలి, కోటీశ్వరుడైనా అంతే. పిండి పిసికేది, ఉల్లిపాయలు తరిగేది, కంచాలు కడిగేది ఎక్కువగా ఆ పూట సేవకు వచ్చినవాళ్లే. కంచాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ చాలా నీళ్లలో కడగబడతాయి, ఎవరి ఎంగిలి ఎవరు కడిగారో ఎవరికీ తెలియదు. ఎంగిలాకులు ఎవరెత్తారన్న నాలుగో ప్రశ్నకు ఇంత నేరుగా జవాబు చెప్పిన వ్యవస్థ ఇంకోటి కనిపించదు. అయినా పంజాబు పల్లెల్లో కులానికో గురుద్వారా ఉన్న ఊళ్లు ఉన్నాయి. ముందే వేరే గుమ్మం కట్టుకుంటే, లోపలి బంతి ఎంత సమానంగా ఉన్నా ఏం లాభం?

20వ శతాబ్దంలో సంస్కర్తలు ఈ భోజనాన్ని పోరాట రూపంగా మలిచారు. 1917 మే 29న కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ ఏర్పాటు చేసిన మిశ్రభోజనంలో ఈళవ కులంవాళ్లు పులయ కులంవాళ్లతో కలిసి తిన్నారు. వడ్డించింది విందు వంటకాలు కావు, అన్నంతో పాటు పనసగింజలూ శనగలూ వేసిన కూర. ఆయనను సొంత ఈళవ కులంవాళ్లే వెలివేసి ‘పులయన్ అయ్యప్పన్’ అని వెక్కిరించారు, ఆయన ఆ పేరును గౌరవంగా తీసుకున్నాడు. ఈళవులను సవర్ణులు దూరం పెట్టేవాళ్లు, ఈళవులు పులయలను దూరం పెట్టేవాళ్లు. ఆయన పైమెట్టు మీదివాళ్లతో కలిసి తినే హక్కు అడగలేదు, కిందిమెట్టు మీదివాళ్లతో కలిసి తిన్నాడు. అందులోనే ఆ పని గొప్పదనం ఉంది.

కృష్ణా జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టిన గోరా సహపంక్తి భోజనాలను ఉద్యమంగా నడిపారు. తమిళనాట చేరన్మాదేవి గురుకులంలో ఇద్దరు బ్రాహ్మణ విద్యార్థులకు విడిగా భోజనం పెట్టడం మీద 1924–25లో చెలరేగిన వివాదం సంఘసంస్కర్త పెరియార్ కాంగ్రెస్‌ను వదిలిపెట్టడానికి దారితీసిన కారణాల్లో ఒకటైంది. ఇద్దరు పిల్లల కంచాలు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఒక రాష్ట్ర రాజకీయాన్ని మలుపు తిప్పిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. జాతీయ విద్య నేర్పుతామని చందాలు పోగుచేసిన చోట బూడిద గీత కనబడింది మరి.

ఇవాళ దేశంలో రోజూ జరిగే అతిపెద్ద సహపంక్తి భోజనం బడుల్లోదే. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది: కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదికి కనీసం 200 రోజులు. 2004 ఏప్రిల్‌లో ఇంకో ఆదేశం వచ్చింది, వంటవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని. మొదటి ఆదేశం కడుపు గురించి, రెండోది అక్షరాలా ‘ఎవరు వండారు’ అన్న మన మొదటి ప్రశ్న గురించి. పిల్లలు పక్కపక్కన కూర్చోవడానికి పెద్దగా అడ్డు చెప్పని తల్లిదండ్రులు, దళిత మహిళ వండిందని తెలిసినప్పుడు టిఫిన్ డబ్బాలు కట్టి పంపిన సంఘటనలు అనేక రాష్ట్రాల్లో వార్తలకెక్కాయి. ఇలాంటిచోట వంటమనిషిని మార్చి తగువు తీర్చిన అధికారులు కులానికే వంటింటి తాళం అప్పగించినట్టు.

పిల్లలకు పెట్టే ముందు కనీసం ఒక ఉపాధ్యాయుడు ఆ అన్నం తిని చూడాలన్న నిబంధన మధ్యాహ్న భోజన పథకం మార్గదర్శకాల్లో ఉంది. అది కల్తీ, విషప్రమాదాల భయంతో పెట్టిన భద్రతా నియమం. కానీ ఊళ్లో పలుకుబడి ఉన్న కులానికి చెందిన ప్రధానోపాధ్యాయుడు రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి వరండాలో అందరూ చూస్తుండగా దళిత మహిళ చేతి అన్నం కంచంలో పెట్టించుకుని, నాలుగు మెతుకులు రుచి చూసి వదలకుండా పూర్తిగా తిని, తన కంచం తానే కడుక్కుంటే, ఆ ఊళ్లో టిఫిన్ డబ్బాల సంఖ్య ఎలా మారుతుందో హాజరు పట్టీ పక్కన ఇంకో గడి గీసి రాసుకోవచ్చు. దానికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు.